అప్‌డేట్: కాలనీ గ్రూపుల గుడ్ మార్నింగ్ ఫొటోల ముచ్చట

మిర్యాలగూడల మా కాలనీ వాట్సాప్ గ్రూపుల పొద్దుగాల గుడ్ మార్నింగ్ ఫొటోలు కుప్పలు పడి నల్లా నీళ్ల మెసేజ్ అండ్లనే కలిసిపోతుంది ఏం జెయ్యాలె అని అడిగిన కదా. అడ్మిన్లే మెసేజ్ పెట్టేటట్టు మార్చమన్నరు చానమంది, మా అడ్మిన్ అన్నకు చెప్తే నవ్విండు, రిటైర్డ్ సార్లు ఊకుంటరా? అందుకే నీళ్లు, కరెంటు ముచ్చట్లకు వేరే గ్రూపు తీసి దానికి ఆ సెట్టింగ్ పెట్టినం, పాతదాంట్ల డిసప్పియరింగ్ మెసేజెస్ (మెసేజ్‌లు వాటంతటవే పోయే సెట్టింగ్) 24 గంటలకు పెట్టినం, నా ఫోన్ల ఆటో డౌన్‌లోడ్ గూడ బంద్ జేసిన. ఇగ స్టోరేజ్ గోల లేదు.

గానీ వెనక గల్లీ పెద్దమ్మ రోజూ యాదగిరిగుట్ట నరసన్న ఫొటో పెట్టి "శుభోదయం బిడ్డా" అంటది, మొన్న పెట్టకపోతే అందరు ఫోన్ల మీద ఫోన్లు, జరమొచ్చిందట. ఆమెకైతే దండం ఎమోజీ నేను గూడ పెడుతున్న. సెట్టింగులు చెప్పిన అక్కకు థాంక్స్, బతుకమ్మకు ఈ గ్రూపు ఎట్ల తట్టుకుంటదో ఏమో.