బేరం లేనప్పుడు షాపులో పనిచేసేవాళ్లు కూర్చుంటే తప్పా?

చీరల కౌంటర్, కడప:
వైవీ స్ట్రీట్‌లో ఒక బట్టల షోరూంలో ఆరేళ్లుగా పనిచేస్తున్నాను. పొద్దున తొమ్మిదిన్నరకు కౌంటర్ వెనక నిలబడితే మళ్లీ రాత్రి తొమ్మిదిన్నరకే ఇల్లు. మధ్యలో అన్నానికి అరగంట. ఎండాకాలం రెండు నుంచి నాలుగు దాకా కడప రోడ్ల మీద మనిషి కనబడడు, ఇక షాపులోకి ఎవరొస్తారు? ఆ రెండు గంటలూ ఊరికే నిలబడాలి. కూర్చుంటే కెమెరాలో చూసి పైనుంచి ఫోన్ చేస్తారు. మా పక్క కౌంటర్ పాప చెప్పులు విడిచి, ఒక మడమతో ఇంకో పాదాన్ని నొక్కుకుంటూ ఉంటుంది. కౌంటర్ అడ్డం కాబట్టి ఎవరికీ తెలియదు. దానికి ఇంకా ఇరవై రెండేళ్లే. జీతం పెంచమని అడగడం లేదు, బేరం లేనప్పుడు కాసేపు కూర్చోనివ్వమంటున్నాను. ఇందులో తప్పేముందో చెప్పండి.

షాపు యజమాని, ప్రొద్దుటూరు:
తప్పని నేను అననమ్మా. కానీ మా కష్టం కూడా వినాలి. నాది చిన్న షాపు, ఎనిమిది మంది పనిచేస్తారు. కస్టమర్ గడప దాటేసరికి ఎవరో ఒకరు ఎదురెళ్లి 'రండక్కా' అనాలి. కూర్చున్న మనిషి లేచి వచ్చేలోపు వాళ్లు పక్క షాపు మెట్లెక్కుతారు. ఇప్పటికే సగం బేరం ఆన్‌లైన్‌కు పోయింది. పైగా కూర్చుంటే చేతిలోకి ఫోన్ వచ్చేస్తుంది. ఒకసారి కుర్చీలు వేయించి, నెల తిరగకుండానే తీసేశాను.

పాత గుమాస్తా, ప్రొద్దుటూరు:
ఒకే ఊరివాళ్లం కాబట్టి చనువు తీసుకుంటున్నాను సార్. మన ఊరిని రెండో బొంబాయి అంటారు. ఆ పేరు తెచ్చిన పాత బట్టల కొట్లలో నిలబడి అమ్మిందెవరు? చెప్పులు బయట విడిచి లోపలికొస్తే గోడ నుంచి గోడ దాకా పరుపు, దాని మీద ఉతికిన తెల్ల దుప్పటి. షావుకారు దిండుకు ఆనుకొని, మేము బాసింపట్టు వేసుకొని కూర్చునేవాళ్లం. పెళ్లి బట్టలకొచ్చినవాళ్లు ఇంటిల్లిపాదీ మా ఎదురుగా కూర్చునేవాళ్లు. చీర అంచు పట్టుకొని విసిరితే మడతలు విప్పుకుంటూ పోయి పెళ్లికూతురి మోకాళ్ల దగ్గర ఆగేది. మంచినీళ్లు తాగి, మాట్లాడుకొని, గంట తర్వాత బేరం తెగేది. గుమాస్తా కూర్చున్నాడని ఎవరూ లేచిపోలేదు. పరుపులు తీసేసి అద్దాల కౌంటర్లు పెట్టాకే మాకు నిలబడే రోజులొచ్చాయి. కూర్చోవడం అమర్యాద అనే మాట కూడా ఆ తర్వాతే విన్నాను.

నర్సు, మైదుకూరు:
నడిచేవాళ్ల కంటే కదలకుండా నిలబడేవాళ్లకే కాళ్లు ఎక్కువ పాడవుతాయి. నడిస్తే పిక్కల్లో కండ బిగుసుకొని, కాళ్లలో రక్తాన్ని పైకి నెడుతుంది. నిలబడిపోతే రక్తం కిందే నిలిచి సాయంత్రానికి పాదాలు వాస్తాయి. ఏళ్ల తరబడి అలాగే సాగితే నరాలు ఉబ్బి మెలికలు తిరుగుతాయి, వెరికోస్ వెయిన్స్ అనేది అదే. మా దగ్గరికి దోశ మాస్టర్లు, టీచర్లు, మీలాంటి షాపు పిల్లలు దీంతో వస్తుంటారు. కూర్చునే వీలు దొరికేదాకా గంటకోసారి మడమలు పైకెత్తి దించుతూ ఉండమ్మా. బాత్రూంకు పోవాల్సి వస్తుందని నీళ్లు తాగడం మాత్రం మానుకోవద్దు.

ఇల్లాలు, బద్వేలు:
పొద్దున ఐదింటికి పొయ్యి దగ్గర నిలబడితే మాకు మాత్రం కూర్చోమని చెప్పేదెవరు? పనన్నాక కాళ్లు నొప్పులు రాకుండా ఉంటాయా? దీనికి కూడా రచ్చ చేస్తే ఉన్న ఉద్యోగం పోతుంది. నీ మంచికే చెప్తున్నా.

లెక్చరర్, కడప:
ఇది కొత్త కోరికేం కాదు. నిలబడి పనిచేసేవాళ్లకు పని మధ్యలో తీరిక దొరికినప్పుడు కూర్చునే ఏర్పాటు ఉండాలని 1948 ఫ్యాక్టరీల చట్టంలోనే 44వ సెక్షన్ పెట్టారు. అది ఫ్యాక్టరీలకే పరిమితమైంది. షాపుల సంగతికొస్తే, కోజికోడ్‌లో బట్టల షాపుల ఆడవాళ్లు ఏళ్ల తరబడి పోరాడాక 2018లో కేరళ చట్టం మార్చింది. 2021లో తమిళనాడు కూడా మార్చింది. అక్కడ షాపులేం మూతపడలేదు. రచ్చ చేస్తే ఉద్యోగం పోతుందనే భయం వాళ్లకూ ఉండింది అక్కా.

చీరల కౌంటర్, కడప:
బద్వేలు అక్కా, మీ మీద కోపం లేదు. మా అమ్మ కూడా మీ మాటే అంటుంది. కూరగాయలు తరిగేటప్పుడైనా కింద కూర్చోండి, మీ కాళ్లూ కాళ్లే కదా.

ప్రొద్దుటూరు సార్, ఫోన్ పట్టుకుంటే ఫోనే తీసి పెట్టుకోండి. కుర్చీ ఎందుకు తీసేయడం? మా షాపులో ప్రతి కౌంటర్ వెనకా ఒక స్టూలు ఉంది, పై అరలో చీరలు దించడానికి. రోజుకు పదిసార్లు దాని మీదకు ఎక్కి దిగుతాం. దాని మీదే కూర్చుంటే మాత్రం ఫోనొస్తుంది. మీ షాపులోనూ ఉండే ఉంటుంది కదా?

షాపు యజమాని, ప్రొద్దుటూరు:
ఉంది. నాలుగున్నాయి. అలా ఎప్పుడూ ఆలోచించలేదమ్మా. దసరా సీజన్ దాటనివ్వు, మావాళ్లతో మాట్లాడతాను.

చీరల కౌంటర్, కడప:
దసరాకే కదా సార్ వాళ్లు ఎక్కువసేపు నిలబడేది.