వైజాగ్ నుంచి హైదరాబాద్ వచ్చాం, ఉండిపోవాలా వెనక్కి వెళ్లాలా?

మావారి ఉద్యోగం కోసం వైజాగ్ వదిలి మియాపూర్‌లో దిగాం. జీతం పెరిగింది, నిజమే. పెరిగినదాంట్లో సగం అద్దెకే పోతోంది. మెట్రో ఉందిగా అనుకున్నాం, తీరా చూస్తే ఆయన ఆఫీసుకి రాయదుర్గం వెళ్లాలంటే అమీర్‌పేట దాకా వెళ్లి రైలు మారాలి! దాంతో ఆయన బండి మీదే ట్రాఫిక్‌లో పోతున్నారు. రోజూ బీచ్ రోడ్డుకు వెళ్లే అత్తయ్యగారు ఇల్లు కదలడం లేదు.

అసలు టెన్షన్ పాప చదువు. వచ్చే ఏడాది తొమ్మిదో తరగతి. రెండు తెలుగు రాష్ట్రాలకూ కాలేజీ సీట్లలో ఉన్న ఉమ్మడి ప్రవేశాల గడువు 2024 జూన్‌తో ముగిసింది కదా, ఇప్పుడు తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏ రాష్ట్రంలో చదివితే సీట్లకు అక్కడే లోకల్ అట. అంటే ఈ వేసవిలోనే తేల్చుకోవాలి. ఇలా వచ్చి స్థిరపడినవాళ్లు, తిరిగి వెళ్లిపోయినవాళ్లు, మీరైతే ఏం చూసి నిర్ణయించుకున్నారు? పిల్లల సీట్ల విషయంలో ఏమైనా ఇబ్బంది పడ్డారా?