దేవుడు ఒక్కడేనన్న మైమోనిడీస్ వాదంలో ఒక సందేహం

యూదు తత్త్వశాస్త్రం చదివినవారు ఈ సందేహం తీర్చగలరని ఆశిస్తున్నాను. 12వ శతాబ్దపు యూదు తాత్త్వికుడు మైమోనిడీస్ తన ‘సంశయగ్రస్తులకు మార్గదర్శి’ గ్రంథం రెండవ భాగం మొదట్లో అరిస్టాటిల్ సంప్రదాయం నుంచి 25 ప్రతిపాదనలను స్వీకరించి, వాటి ఆధారంగా దేవుడు ఉన్నాడనీ, అశరీరుడనీ, ఒక్కడేననీ నిరూపించబూనాడు. అందులో ఏకత్వానికి సంబంధించిన ఒక వాదం నన్ను ఎంతగానో ఆకట్టుకుంది. దేవుళ్ళు ఇద్దరైతే, ఇద్దరినీ దేవుళ్ళను చేసే సమాన లక్షణం ఒకటీ, వారిని వేరుచేసే లక్షణం మరొకటీ ఉండక తప్పదు. అప్పుడు కనీసం ఒకరైనా రెండు అంశాల కలయిక అవుతారు, కలయికకు కారణం కావాలి, కారణం కావలసినది స్వతస్సిద్ధం (తన ఉనికికి వేరే కారణం అక్కరలేనిది) కాజాలదు.

రెండు కుండలకు మట్టి సమానమై ఆకారం వేరైనప్పుడు ఈ తర్కం చక్కగా నిలుస్తుంది. అయితే ఏ అంశాలూ లేని రెండు తత్త్వాలు తమ సంపూర్ణ స్వరూపంతోనే పరస్పరం భిన్నమై, ‘స్వతస్సిద్ధం’ అన్న వర్ణన మాత్రమే వాటికి ఉమ్మడిగా ఉంటే ఏమవుతుంది? 13వ శతాబ్దంలో బాగ్దాదుకు చెందిన యూదు తాత్త్వికుడు ఇబ్న్ కమ్మూనా పేరుతో ప్రసిద్ధమైన ఆక్షేపణ ఇదే, నాకైతే అది చాలా బలమైనదిగా తోస్తోంది.

మైమోనిడీస్ పక్షాన దీనికి సమాధానం చెప్పినవారు ఎవరు? లేక, తర్వాతి కాలపు యూదు తాత్త్వికుడు హస్దాయ్ క్రెస్కాస్ భావించినట్లు, ఏకత్వాన్ని తర్కం పూర్తిగా నిరూపించలేదనీ, ‘ఇశ్రాయేలూ వినుము’ అంటూ దేవుడు ఒక్కడేనని చాటే తోరా (యూదుల ధర్మగ్రంథం) వాక్యమే అందుకు ప్రమాణమనీ ఒప్పుకోవలసిందేనా? దయచేసి వాదక్రమంతో సహా వివరించండి.