ఫాస్ట్ చార్జింగ్‌లో బ్యాటరీ కాగిపోతే తప్పు ఎండదా, బండిదా?

కర్నూలు సభ్యుడు:
పోయిన వారం మధ్యాహ్నం రెండు గంటలకు, 43 డిగ్రీల ఎండలో, 44వ నంబరు జాతీయ రహదారి మీద నా ఎలక్ట్రిక్ కారులో అనంతపురం వెళ్లి, బ్యాటరీ 18 శాతం దగ్గర ఉండగా ఫాస్ట్ చార్జర్ గన్ పెట్టాను. మొదట 50 కిలోవాట్లతో ఎక్కింది. పది నిమిషాలకే 20కి పడిపోయి, బ్యాటరీ వేడెక్కిందని హెచ్చరిక వచ్చింది. సర్వీస్ సెంటర్లో చూపిస్తే "మన ఎండలకు ఇది మామూలే సార్" అని పంపేశారు. మా బావమరిదిదీ అదే మోడల్. మర్నాడు అదే టైముకు అదే గన్ పెడితే 60 శాతం దాకా ఏమాత్రం తగ్గలేదు. మరి నా బండికే ఎందుకిలా? పిల్లలతో వెళ్లే బండి, టెన్షన్‌గా ఉంది.

కడప సభ్యుడు:
అన్నా, సర్వీస్ వాళ్లు చెప్పింది సబబుగానే ఉంది. కరెంటు రెట్టింపైతే సెల్స్‌లో పుట్టే వేడి దాదాపు నాలుగింతలవుతుంది. దానికి తోడు మన రోడ్ల సెగ. వందల కిలోల బ్యాటరీ ఒకసారి కాగితే తొందరగా చల్లారదు. అందుకే బ్యాటరీని కనిపెట్టుకుని ఉండే కంట్రోల్ సిస్టమ్, బీఎంఎస్, తానే కరెంటు తగ్గిస్తుంది. అది లోపం కాదు, కాపలా. మీ బావమరిది ఎంత స్పీడుతో వచ్చాడు, బండి ముందు నీడలో ఉందా అన్నది తెలియకుండా రెండింటినీ పోల్చలేం.

అనంతపురం సభ్యుడు:
నేను ఎలక్ట్రిక్ బండ్ల రిపేర్ పనిలో ఉన్నాను. కాపలా అన్న మాట నిజమే. కాపలావాడు ఎందుకు కేకేశాడో చూడొద్దా? అన్నీ ఎండ ఖాతాలో రాసేస్తే అసలు జబ్బు దొరకదు.

సార్, ఓబీడీ డాంగిల్ (బండి లోపలి రీడింగులను ఫోన్లో చూపించే చిన్న పరికరం) పెట్టి సెల్ టెంపరేచర్లు చూడండి. రాత్రంతా ఊరికే నిలిపిన బండిలో తెల్లవారుజామున అన్ని సెన్సార్లూ ఇంచుమించు ఒకటే చూపించాలి. అప్పుడే ఒకటి ఐదారు డిగ్రీలు ఎక్కువ చూపిస్తే సెన్సార్ మీదే అనుమానం. పొద్దున అన్నీ సమానంగా ఉండి, చార్జింగ్‌లో ఒక్క చోటే ఎగబాకితే ఆ మాడ్యూల్‌నో (కొన్ని సెల్స్ కలిపిన గుంపు), దాని కనెక్షన్‌నో పట్టించుకోవాలి. అన్నీ కలిసి పెరిగితే కూలింగ్ చూడాలి: పంపు, ఫ్యాను, కూలెంట్, ఏసీ. చాలా లిక్విడ్ కూలింగ్ బండ్లలో కూలెంట్‌ను చల్లబరిచేది క్యాబిన్ ఏసీ గ్యాసే. ఇది చాలామంది మర్చిపోతారు. బ్యాటరీ ప్యాక్ మూత మాత్రం ఎవరూ విప్పొద్దు, లోపల వందల వోల్టులుంటాయి.

కడప సభ్యుడు:
గన్ సంగతి కూడా చెప్పండి. పిన్నుల్లో పట్టు వదులైతే అక్కడే వేడి పుడుతుంది. మన కార్ల ఫాస్ట్ చార్జింగ్ కనెక్టర్ సీసీఎస్‌2లో అక్కడా సెన్సార్లుంటాయి, కరెంటు తగ్గుతుంది. అప్పుడు మనం అనవసరంగా బ్యాటరీని తిడతాం.

అనంతపురం సభ్యుడు:
నిజమే. కానీ వీరికి హెచ్చరిక బ్యాటరీ పేరుతో వచ్చింది, బావమరిదికి అదే గన్ బాగా పనిచేసింది.

కర్నూలు సభ్యుడు:
డాంగిల్ తెప్పించి చూశాను. ఈ రోజు పొద్దున ఐదున్నరకు అన్ని సెన్సార్లూ 29, 30 మధ్యే. ఎనిమిదింటికి ఇక్కడే ఫాస్ట్ చార్జర్‌కు పెడితే అన్నీ కలిసి 44 దాటాయి. అప్పుడింకా ఎండ ముదరలేదు. కూలెంట్ గీత దగ్గరే ఉంది, ఫ్యాను తిరుగుతోంది. పదిహేను రోజులుగా ఏసీ సరిగ్గా చల్లబడటం లేదు, ఫిల్టర్ మురికేమో అనుకుని వదిలేశాను.

అనంతపురం సభ్యుడు:
ముందు ఏసీ చూపించండి. గ్యాస్ తగ్గిందేమో. నింపి పంపేస్తామంటే ఒప్పుకోకండి, ఎక్కడ లీకవుతోందో వెతకమనండి. జాబ్ కార్డులో "ఏసీ బాగాలేదు" అని మాత్రమే కాకుండా "ఫాస్ట్ చార్జింగ్‌లో బ్యాటరీ వేడెక్కుతోంది" అని కూడా రాయించండి.

కడప సభ్యుడు:
పొద్దున ఎనిమిదింటికే 44 అంటే ఎండ అనలేం, అక్కడ నా మాట తప్పింది. అయినా మే నెల మిట్టమధ్యాహ్నం హైవే దిగి నేరుగా గన్ పెట్టడం మంచిది కాదనే ఇప్పటికీ అంటాను.

కర్నూలు సభ్యుడు:
సోమవారం తీసుకెళ్తున్నాను. రీడింగుల ఫొటోలు ప్రింట్ తీయించాను, జాబ్ కార్డుకు జత చేయమంటాను. అప్పటిదాకా ఇంట్లో స్లో చార్జింగే.