డప్పు కొడితే సౌండ్ పగులుతోంది, ఛార్జర్ పెడితే గుయ్యిమంటోంది: ఏం మార్చాలె?

నల్లగొండ_జానపదం:

బతుకమ్మ పండుగకు యూట్యూబ్‌ల పెట్టనీకి ఒక పాట ఇంట్లనే రికార్డ్ చేస్తున్నం. స్లాబు రూము, పొడుగు, వెడల్పు, ఎత్తు మూడూ 10 అడుగుల చిల్లర. విండోస్ ల్యాప్‌టాప్, రెండు ఇన్‌పుట్ల యూఎస్‌బీ ఇంటర్‌ఫేస్ (మైకును ల్యాప్‌టాప్‌కు కలిపే పెట్టె), ఒక కండెన్సర్ మైకు, రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్.

డప్పుకు రెండడుగుల దూరంల మైకు పెట్టినం. గెయిన్ (మైకు సిగ్నల్‌ను పెంచేది) మొత్తం తగ్గించినా, మీటర్ ఎర్రగ కాకున్నా దెబ్బ పగిలినట్టు వస్తున్నది. పాడేటామెకు హెడ్‌ఫోన్‌ల తన గొంతు లేటుగ వినిపిస్తున్నది, బఫర్ (ల్యాప్‌టాప్ ఒక్కసారి పట్టే సౌండ్ ముక్క సైజు) తగ్గిస్తే టిక్కుటిక్కుమంటున్నది. ఛార్జర్ పెట్టంగనే సన్నగ గుయ్యిమంటది. చేతుల 15 వేలు ఉన్నయి. మంచి కంప్రెసర్ (గట్టి సౌండును వత్తేది), నాయిస్ తీసే ప్లగిన్లు కొంటే సరిపోతదా?

పాలమూరు_మిక్స్:

ప్లగిన్ల ముచ్చట పక్కన పెట్టు తమ్మీ. పగిలిన దెబ్బను ఏ ప్లగినూ అతికియ్యదు.

మీటర్ ఎర్రగ కాకుండనే పగులుతున్నదంటే సిగ్నల్ ఇంటర్‌ఫేస్ దాకా రాకముందే మైకు లోపలి సర్క్యూటే తట్టుకోలేకపోతున్నది. గెయిన్ నాబ్ దాని తర్వాత ఉంటది గనుక ఎంత తిప్పినా లాభం లేదు. మైకు మీద మైనస్ 10 అనో మైనస్ 20 అనో ప్యాడ్ స్విచ్ (సిగ్నల్‌ను మైకులనే తగ్గించేది) ఉంటే వెయ్యి. లేకపోతే దూరం జరుపు. దూరం రెట్టింపు చేస్తే నేరుగ వచ్చే సౌండ్ 6 డీబీ దాకా తగ్గుతది. ఇంకా మంచిది, డప్పుకు డైనమిక్ మైకు వాడు. ఎస్ఎం57 లాంటివి గట్టి దెబ్బలను తట్టుకుంటయి, 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (కేబుల్ మీదుగ మైకుకు పోయే కరెంటు) కూడా అక్కర్లేదు.

మైకు ఎటు చూస్తున్నదనేది దూరం కన్నా ముఖ్యం. చర్మం నడిమికి గురిపెడితే ధమ్ము ఎక్కువ, అంచుకు జరిపితే టంగుమనే మోత ఎక్కువ. మూడు, మూడున్నర అడుగుల దూరంల, నడిమికీ అంచుకూ మధ్యల, కొంచెం వాలుగ పెట్టు. సిర్ర (లావు కట్టె) దెబ్బ బరువు, సిటికెన పుల్ల (సన్న పుల్ల) చిటపట రెండూ పడాలె. పుల్ల వినపడకపోతే మైకును అటు దిక్కు రెండు మూడు అంగుళాలు జరుపు. ఈక్వలైజర్ల 4 కిలోహెర్ట్జ్ గుంజితే పుల్ల రాదు, రూము గోల వస్తది.

రూము కొలతలు మూడూ ఒక్కటే ఉండుడు బాగా చెడ్డది. 10 అడుగుల గోడల నడుమ 56 హెర్ట్జ్, 112, 168 దగ్గర సౌండ్ ఊగుతది. నీకు మూడు దిక్కులా అవే కలుస్తయి, అందుకే గుమ్మని మోగుతది. డప్పును, మైకును సరిగ్గ నడుమ గాని మూలకు గాని పెట్టకు. ఒక గోడ నుంచి మూడో వంతు దూరంల నిలబెట్టు. కొట్టేటాయన వెనుక, పక్కల బొంతలు మడతలు మడతలుగ వేలాడదియ్యి, గోడకు నాలుగు అంగుళాలు ఎడం ఉంచి. మూలలకు పరుపులు నిలబెట్టు. ఇవి పై మోతను మింగుతయి, 56 హెర్ట్జ్‌ను మాత్రం పెద్దగ ఆపవు. గుడ్ల అట్టలు అంటించేటోళ్ల మాట వినకు, వాటితోని గోడ అందం పాడు తప్ప ఏం కాదు.

ఇంకోటి. కాపిన డప్పు చల్లబడుకుంట పోతే చర్మం వదులై శ్రుతి దిగుతది, వానకాలం ఇంకా తొందరగ. పల్లవి ఒకసారి, చరణం అరగంట తర్వాత కొట్టి అతికిస్తే అతుకు తెలిసిపోతది. ప్రతి టేకుకు ముందు మళ్ల కాపి, మొదటి టేకుల సౌండ్‌తోని పోల్చి చూసి కొట్టించు. పిచ్ షిఫ్ట్‌తోని సరిచేద్దామంటే దెబ్బ మొన మొద్దుబారుతది.

మిర్యాలగూడ_సౌండ్:

లేటు సంగతి. 48 కిలోహెర్ట్జ్‌ల బఫర్ 128 అంటే ఒక దిక్కుకు 2.7 మిల్లీసెకండ్లు, 512 అంటే 10.7. పోను, రాను, ఇంటర్‌ఫేస్ సొంత ఆలస్యం కలిపితే 512 దగ్గర 20 దాటుతది, పాడేటోళ్లకు ఇబ్బందే. కానీ గొంతు రికార్డింగుకు బఫర్‌తోని కొట్లాట అవసరమే లేదు. ఇంటర్‌ఫేస్ మీద డైరెక్ట్ మానిటర్ స్విచ్ (గొంతును ల్యాప్‌టాప్‌కు పోకుండనే నేరుగ హెడ్‌ఫోన్‌కు పంపేది) ఉంటే ఆన్ చెయ్యి, రీపర్‌ల ఆ ట్రాక్ మానిటరింగ్ ఆఫ్ చెయ్యి. రెండూ ఆన్‌ల ఉంటే గొంతు రెండుసార్లు వినిపిస్తది, చానామంది ఇక్కడనే ఆగమైతరు. బఫర్ 512 మీదనే ఉంచు, టిక్కులు కూడా పోతయి.

అయినా టిక్కులు వస్తే: ఇంటర్‌ఫేస్ కంపెనీ ఇచ్చిన ఏఎస్ఐఓ డ్రైవరే (విండోస్‌ల సౌండ్ లేటు తగ్గించే సాఫ్ట్‌వేర్) వాడు, అది ఉండంగ అన్నిటికీ వాడే ఏఎస్ఐఓ4ఆల్ డ్రైవర్ ఎందుకు? యూఎస్‌బీ హబ్ తీసేసి నేరుగ ల్యాప్‌టాప్‌కు గుచ్చు. పవర్ ఆప్షన్లల యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ ఆఫ్ చెయ్యి, రికార్డింగ్ అప్పుడు వైఫై బంద్ పెట్టు. లేటెన్సీమాన్ అనే సాఫ్ట్‌వేర్ నడిపిస్తే ఏ డ్రైవర్ అడ్డం పడుతున్నదో పేరుతోసహా చూపిస్తది.

ఇగ గుయ్యి. ఛార్జర్ పీకంగనే పోతుందా? పోతే అది ఛార్జర్‌దో ఎర్తింగ్‌దో సమస్య. ల్యాప్‌టాప్ ఇనుప భాగం ముట్టుకుంటే మోత మారుతుందా చూడు. మారితే సాకెట్‌కు ఎర్త్ సరిగ్గ లేదని అనుమానించు. ఎలక్ట్రీషియన్‌తోని న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ నడుమ వోల్టేజ్ కొలిపించు, రెండు మూడు వోల్టుల లోపల ఉండాలె. మన దిక్కు రాతి నేల, ఎండకాలం ఎర్తింగ్ గుంత ఎండిపోతది. గుంతల నీళ్లు పోస్తే చానా ఇండ్లల్ల తేడా తెలుస్తది. స్పీకర్లు, ల్యాప్‌టాప్ వేరే వేరే సాకెట్లకు ఉంటే ఒక్కటే బోర్డుకు తెచ్చుకో. ఎర్త్ పిన్ను విరగ్గొట్టుమని ఎవరన్న చెప్తే మాత్రం వినకు, ప్రాణం మీదికి వస్తది.

ఇప్పటికిప్పుడు కావాలంటే బ్యాటరీ మీద రికార్డ్ చెయ్యి. కరెంటు పోయినప్పుడు స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద ఛార్జర్ పెట్టకు, ఇంకో రకం బుర్రుమంటది.

నల్లగొండ_జానపదం:

ఛార్జర్ పీకితే గుయ్యి పోయింది అన్నా. మైకుకు ప్యాడ్ లేదు. పాత టేకుల గొంతు మంచిగ వచ్చింది గానీ వెనుక గుయ్యి ఉన్నది, ఆమె మళ్ల ఊరు నుంచి రాలేదు. తీసే దారి ఉందా? మిక్స్‌కు లెక్కలు కూడా చెప్పున్రి.

పాలమూరు_మిక్స్:

ఉంది, అది కూడా పైసలు లేకుండనే. ఫ్యాన్ మోత లాంటి ఒకే తీరు హిస్సుకైతే రీపర్‌తోనే వచ్చే రీఎఫ్ఐఆర్ ఎఫెక్ట్ వేసి, సబ్‌ట్రాక్ట్ మోడ్‌ల గొంతు లేని రెండు మూడు సెకండ్లు వినిపించి ప్రొఫైల్ (మోత నమూనా) తీసుకో. తర్వాత ఆటోమేటిక్ టిక్కు తీసేయాలె. మర్చిపోతే గొంతును కూడా నాయిస్ అనుకొని తీసేస్తది. కరెంటు మోతకైతే ఈక్వలైజర్ల 50, 100, 150 హెర్ట్జ్ దగ్గర సన్నటి కోతలు చాలు. ఆడగొంతు సాధారణంగ 150 పైన నడుస్తది, 90 దగ్గర హైపాస్ (దాని కింది మోతను కోసేది) పెడితే 50 దాదాపు పోతది. ఎక్కువ తీస్తే గొంతు నీళ్లల్ల నుంచి వచ్చినట్టు గులగులమంటది, కొంచెం మోత మిగిలినా డప్పు కింద కప్పుకుపోతది.

డప్పుకు కంప్రెసర్: నిష్పత్తి 3:1, అటాక్ (వత్తుడు మొదలుపెట్టే టైం) 20 నుంచి 30 మిల్లీసెకండ్లు, రిలీజ్ (వదిలేసే టైం) 100 చుట్టుపట్ల, మూడు నాలుగు డీబీ కంటే ఎక్కువ వత్తకు. అటాక్ 1 మిల్లీసెకండ్ పెడితే దెబ్బ మొదలే పోతది, డప్పు అట్టపెట్టె లెక్క వినిపిస్తది. ఈక్వలైజర్ల 250 నుంచి 400 మధ్య రూము గోల వెతికి మూడు డీబీ తగ్గించు.

దేవరకొండ_డీజే:

ఫోన్ స్పీకర్‌ల కూడా విని చూడున్రి. చిన్న స్పీకర్లల్ల 200 హెర్ట్జ్ కింద దాదాపు ఏం రాదు. డప్పు ధమ్ము అంతా మాయమై సిటికెన పుల్ల చప్పుడే మిగులుతది, అది కూడా లేకపోతే డప్పే లేనట్టు. డీజే బాక్సులల్ల సంగతి తలకిందులు, ఎక్కువైన 60 హెర్ట్జ్ మొత్తాన్ని ముంచుతది.

లౌడ్‌నెస్ కోసం చివర్ల లిమిటర్ (సౌండ్ గీత దాటకుండ ఆపేది) సీలింగ్ మైనస్ 1 డీబీ, యూలీన్ అనే ఫ్రీ మీటర్‌ల మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (వినపడే గట్టిదనం కొలత) చుట్టుపట్ల. యూట్యూబ్ దీనికంటే గట్టిగ ఉంటే తగ్గిస్తది, తక్కువ ఉంటే పెంచదు. మైనస్ 8 దాకా పిండితే డప్పు చదునైపోవుడే మిగులుతది.

ఆ 15 వేలల్ల డప్పుకు ఒక డైనమిక్ మైకు, ఒక గట్టి స్టాండు, మంచి కేబుల్ తీసుకోండి. స్టాండు నాసిరకమైతే దెబ్బ దెబ్బకు మైకు కిందికి వాలుతది. కొత్త మైకు వచ్చినంక ముందు డప్పు ఒక్కటే పది సెకండ్లు రికార్డ్ చేసి, మైకు జాగా, దూరం రాసి ఇక్కడ పెట్టు, విని చెప్తం.