ట్రైలరు లాగడానికి 2010 నాటి ఎఫ్-150 కొనవచ్చునా?

ప్రశ్న (ఫ్రిస్కో, టెక్సాస్)

అందరికీ నమస్కారం. మా ఇంట్లో నలుగురం. పిల్లలకు వేసవి సెలవులు ఇచ్చేలోగా ఒక ట్రావెల్ ట్రైలరు (బండి వెనుక తగిలించుకుని లాక్కెళ్ళే, లోపల పడుకునే వసతి ఉన్న చక్రాల ఇల్లు) కొనుక్కుని, మొదట పాలో డ్యూరో కాన్యన్‌కు, తర్వాత న్యూ మెక్సికో కొండల మీది క్లౌడ్‌క్రాఫ్ట్‌కు వెళ్ళాలని అనుకుంటున్నాము. దానిని లాగడానికి పాత పికప్ కోసం వెతుకుతుంటే, 5.4 లీటర్ల వి8 ఇంజినుతో 2010 ఫోర్డ్ ఎఫ్-150 ఒకటి కనబడింది. 1,38,000 మైళ్ళు తిరిగిన ఆ బండికి యజమాని 11,500 డాలర్లు అడుగుతున్నారు. బండి 9,500 పౌండ్లు లాగగలదని ప్రకటనలో రాశారు. మేము చూసిన ట్రైలరు సామానుతో కలిపి గరిష్ఠంగా 6,500 పౌండ్లే కనుక ఇంకా 3,000 పౌండ్ల వెసులుబాటు ఉంటుందని నా లెక్క. ఈ లెక్క సరైనదేనా? ఇంతవరకు టయోటా సియెన్నా వ్యాను కంటే పెద్ద బండి నడపలేదు.

సమాధానం (కేటీ, టెక్సాస్)

ఆ 9,500 అంకెను కాసేపు పక్కన పెట్టండి. అది బండిలో ఒకరిద్దరు మాత్రమే కూర్చుని, సామాను దాదాపు ఏమీ లేనప్పటి అంకె. డ్రైవరు తలుపు తెరిస్తే పక్క స్తంభం మీద ఒక చీటీ ఉంటుంది. మనుషులు, సామాను కలిపి ఎన్ని పౌండ్లు మించరాదో దాని మీద అచ్చు వేసి ఉంటుంది. మీకు కావలసిన అంకె అదే, ఎందుకంటే ట్రైలరు ముందుభాగం హిచ్ (బండి వెనుక ట్రైలరును తగిలించే అమరిక) మీద మోపే బరువు కూడా అందులో నుండే పోతుంది.

ఎడ్లబండికి బస్తాలు ఎత్తడం చూసినవారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. బరువు వెనక్కి పడితే కాడి పైకి లేస్తుంది, మరీ ముందుకు పడితే ఎడ్ల మెడలు కుంగిపోతాయి. ట్రైలరు బరువులో 10 నుండి 15 శాతం హిచ్ మీద పడాలి. అంతకన్నా తగ్గితే హైవే మీద వేగం పెరిగేసరికి ట్రైలరు పక్కలకు ఊగడం మొదలుపెడుతుంది. మీ 6,500 పౌండ్లకు 13 శాతం వేసుకుంటే 845 పౌండ్లు. దానికి బరువును ముందు చక్రాలకూ పంచే హిచ్ సామగ్రి సుమారు 100, ఆపైన మీ నలుగురి బరువు, బండి వెనుక వేసుకునే సామాను కలపండి. చీటీ మీద ఎంత ఉందో చూసి చెప్పండి.

సమాధానం (డెంటన్, టెక్సాస్)

నేను పదేళ్ళు వర్క్‌షాపులో పని చేశాను, కాబట్టి ఇంజిను సంగతి చెబుతాను. ఆ 5.4 ఇంజినుకు క్యామ్ ఫేజర్లు (వాల్వులు తెరుచుకునే సమయాన్ని మార్చే భాగాలు), టైమింగ్ చైను టెన్షనర్లు (ఆ చైనును బిగువుగా ఉంచేవి) పాడవడం బాగా తెలిసిన జబ్బు. ఈ జబ్బు చల్లని ఇంజినులో సరిగా బయటపడదు. అరగంట నడిపి, ఆయిలు బాగా వేడెక్కాక, బండిని నిలిపి ఇంజిను ఆపకుండా బానెట్ ఎత్తి వినండి. టకటకమని కొడుతున్నట్లు వినిపిస్తే ధర ఎంత తగ్గించినా తీసుకోవద్దు. అయినా చల్లని ఇంజినును స్టార్ట్ చేయడం కూడా చూడాలి. మీరు వెళ్ళేసరికే బానెట్ వేడిగా ఉంటే, స్టార్టులో కనబడే లోపాన్ని దాచడానికి ముందే వేడి చేశారేమోనని అనుమానించవలసిందే. స్పార్క్ ప్లగ్గులు హెడ్‌లోనే విరిగిపోతాయని మీరు విని ఉంటారు. అది ఇదే ఇంజిను తొలి సంవత్సరాల గొడవ, 2010 బండికి ఆ భయం పెట్టుకోనక్కరలేదు.

ఈ బండి గేర్‌బాక్సుకు బానెట్ కింద లాగి చూసుకునే డిప్‌స్టిక్ లేదు కనుక, లిఫ్ట్ మీదికి ఎక్కించి కింద నుండి చూడగల మెకానిక్ దగ్గరకు తీసుకెళ్ళండి. ద్రవం నల్లబడి మాడు వాసన వస్తుంటే, బండి చేత బరువులు లాగించి దాని సంగతి పట్టించుకోలేదని అర్థం. లాగిన బండి అంటేనే చెడ్డదని నేను అనను. వెనుక ట్రేలో గూస్‌నెక్ (భారీ ట్రైలర్లను ట్రే మధ్యలో తగిలించే అమరిక) బిగించిన రంధ్రాలు, ట్రైలరుకు కరెంటు ఇచ్చే ఏడు పిన్నుల ప్లగ్గు దగ్గర టేపు చుట్టిన వైర్లు కనిపిస్తే మాత్రం ఏమి లాగారో అడగండి. టైర్ల మీద డాట్ (DOT) అని మొదలయ్యే అక్షరాల వరుసలో చివరి నాలుగు అంకెలు తయారైన వారం, సంవత్సరం: 2317 అంటే 2017లో 23వ వారం. అరగకపోయినా అంత పాత టైర్లతో ట్రైలరు లాగకండి.

ప్రశ్నించినవారు

చీటీ మీద 1,420 పౌండ్లు ఉంది. మా నలుగురి బరువు 480, సామాను 200 అనుకున్నాను. మీ 845, 100 కలిపితే 1,625 అయింది. మూడు వేలు మిగులుతుందనుకున్న చోట 205 పౌండ్లు ఎక్కువైంది!

సమాధానం (కేటీ, టెక్సాస్)

అయితే బండిని కాక ట్రైలరును మార్చడం గురించి ఆలోచించండి. 4,500 పౌండ్లది తీసుకుంటే హిచ్ మీద 585 పడుతుంది, మొత్తం 1,365 అవుతుంది. మిగిలేది 55 పౌండ్లే కనుక సైకిళ్ళు ఇంట్లో వదిలిపెట్టాలి. టెక్సాస్‌లో 4,500 దాటిన ట్రైలరుకే బ్రేకులు తప్పనిసరి, అయినా అంతకు తక్కువ దానికి కూడా ఎలక్ట్రిక్ బ్రేకులు, బండిలో వాటి కంట్రోలరు లేకుండా బయలుదేరవద్దు. అలమొగోర్డో నుండి క్లౌడ్‌క్రాఫ్ట్‌కు 20 మైళ్ళ లోపే 4,000 అడుగులకు పైగా ఎక్కాలి. ఎత్తుకు పోయేకొద్దీ గాలి పలచబడుతుంది కనుక, టర్బో (గాలిని ఒత్తి ఇంజినులోకి పంపే పరికరం) లేని ఇంజిను ప్రతి వెయ్యి అడుగులకూ సుమారు 3 శాతం బలం కోల్పోతుంది. దిగేటప్పుడు బ్రేకు తొక్కి పట్టకుండా టో/హాల్ మోడ్‌లో (బరువు లాగేటప్పుడు గేర్‌బాక్సుకు పెట్టే అమరిక) కింది గేరు వాడండి.

కాగితాల విషయం క్లుప్తంగా చెబుతాను. 2017 హార్వీ తుఫానులో మా హ్యూస్టన్ వైపు ఎన్నో బండ్లు మునిగాయి. ఎన్ఐసీబీ (బీమా మోసాలను, బండ్ల దొంగతనాలను పరిశోధించే సంస్థ) సైటులో విన్ నంబరు (ప్రతి బండికీ ఉండే గుర్తింపు సంఖ్య) కొడితే నష్టపరిహారం చెల్లించి పక్కన పెట్టిన బండి అవునో కాదో ఉచితంగా చూడవచ్చు. పన్ను 6.25 శాతం, కొన్న ధర, ప్రభుత్వం లెక్కగట్టిన విలువలో 80 శాతం, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే దాని మీద కట్టాలి. 2025 నుండి సేఫ్టీ తనిఖీ ఎత్తివేసినా మీ కాలిన్ కౌంటీలో పొగ పరీక్ష ఇంకా ఉంది. వీలైతే యజమానితో కలిసే కౌంటీ ట్యాక్సు ఆఫీసుకు వెళ్ళి టైటిలు (యాజమాన్య పత్రం) మార్పించుకోండి.

ప్రశ్నించినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఈ ఉదయం ముందుగా చెప్పి వెళ్ళినా బానెట్ వేడిగానే ఉంది. మెకానిక్‌కు చూపిస్తానంటే యజమాని ఒప్పుకోలేదు. బయానా ఇవ్వకుండా తిరిగి వచ్చేశాను. ప్లేనోలో 5.7 లీటర్ల 2012 టయోటా టండ్రా పికప్ ఒకటి ఉందట. శనివారం చూడడానికి వెళ్తున్నాను, ఈసారి ముందుగా తలుపు పక్క చీటీని ఫోటో తీసి పంపమని అడిగాను.