అటక మీద దొరికిన కీ రైలు: రంగు వేయించవచ్చా?

కోటవీధి, విజయనగరం

మా తాతగారు బెంగాల్ నాగపూర్ రైల్వేలో గార్డుగా పనిచేశారు. ఆయన కట్టించిన ఇల్లు అమ్మకానికి పెట్టి మొన్న అటక ఖాళీ చేస్తుండగా, ట్రంకుపెట్టెలో పాత పంచె ముక్కలో చుట్టిన బొమ్మరైలు రేకు ఇంజనూ, రెండు పెట్టెలూ, కొన్ని వంపు పట్టాలూ బయటపడ్డాయి. ఇంజను పక్కన కీ తిప్పే కన్నం ఉంది. అడుగున హార్న్‌బి అన్న పేరు సగం చెరిగి కనిపిస్తోంది. ఆకుపచ్చ రంగు అక్కడక్కడా పెచ్చులూడింది కనుక కొత్త రంగు వేయిద్దామని మా మేనల్లుడు పట్టుబడుతున్నాడు. ఇది ఏ కాలం నాటిదో, రంగు వేయించడం మంచిదో కాదో తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

నాగావళి ఒడ్డు, శ్రీకాకుళం

రంగు మాత్రం వేయించకండి. ముందుగా పట్టాల లోపలి అంచుల మధ్య దూరాన్ని స్కేలుతో కొలవండి. 32 మిల్లీమీటర్లు వస్తే అది ‘ఓ’ గేజి బండి.

ఈ కొలతల వెనక ఒక వ్యాపారపు తెలివి ఉంది. జర్మనీలోని గోపింజెన్‌లో రేకుతో బొమ్మరిల్లు సామాన్లు చేస్తూ 1859లో మొదలైన మార్క్లిన్ సంస్థ, 1891లో లీప్‌జిగ్ సంతకు ఒకే కొలతలకు కట్టుబడిన పట్టాల వరుసను తెచ్చింది. అలా ఈ ఏడు ఇంజను కొన్నవాడు మరుసటి ఏడు పెట్టె, ఆ తర్వాత స్టేషను కొనక తప్పని ఏర్పాటు కుదిరింది. బొమ్మరైళ్లు సేకరించి దాచుకునేవారి పిచ్చికి పునాది అక్కడే పడిందని నా అభిప్రాయం. మెకానో అనే రేకు ముక్కల ఆట సామాను కనిపెట్టిన ఫ్రాంక్ హార్న్‌బి 1920లో లివర్‌పూల్ నుంచి కీ రైళ్లు విడుదల చేశారు. తొలినాటి వాటిని మెకానో ముక్కల్లాగే నట్లు, బోల్టులతో విప్పి బిగించుకోవచ్చు కనుక మీ ఇంజనుకు అవి ఉన్నాయేమో చూడండి. పట్టాలకు మధ్యలో కరెంటు అందించే మూడో కమ్మీ లేకపోతే అవి కీ బండికి చేసినవే.

దాచుకునేవారు మొదట చూసేది అసలు రంగు, ఆ తర్వాత అట్టపెట్టె. గీతలు పడినా పాత రంగుకే విలువ ఎక్కువ. ఈ మాట నేను అనుభవం మీద చెబుతున్నాను. చిన్నప్పుడు నాకు దొరికిన రేకు పెట్టెను, ఇత్తడి చెంబు తోమినట్టు చింతపండుతో తోమి పెట్టాను. తుప్పుతో పాటు కిటికీలూ, వాటిలోంచి తొంగిచూసే బొమ్మల ముఖాలూ కొట్టుకుపోయి ఉత్త తెల్ల రేకు మిగిలింది. మెత్తటి పొడిగుడ్డతో తుడిస్తే చాలు. చక్రాలు పోతపోసినవైతే మరింత జాగ్రత్త అవసరం, ఎందుకంటే ఆనాటి జింకు మిశ్రమంలో సీసం కలిసిపోతే, ఎవరూ ముట్టుకోకపోయినా ఏళ్లు గడిచేకొద్దీ అవి వాటంతటవే పగుళ్లిచ్చి రాలిపోతాయి.

చిన్నబండి, టెక్కలి

పై సమాధానానికి ఒక్కటి చేరుస్తాను. నేను పాతవి కొనను, మన బండి నమూనానే చేసుకుంటున్నాను. పర్లాకిమిడి రాజావారు వేయించగా 1900లో నౌపడ నుంచి మొదలైన రెండున్నర అడుగుల లైను మీద 2004 దాకా చిన్నబండి నడిచింది. 762 మిల్లీమీటర్ల ఆ గేజిని అసలు బండిని 87వ వంతుకు కుదించే హెచ్‌ఓ నిష్పత్తి ప్రకారం 87తో భాగిస్తే 8.76 వస్తుంది, కనుక బజారులో దొరికే 9 మిల్లీమీటర్ల ఎన్ గేజి పట్టాలు దానికి ఇంచుమించు సరిపోతాయి. చిక్కంతా పెద్ద లైనుతోనే. దాని పట్టాల వెడల్పు 1676 మిల్లీమీటర్లను 87తో భాగిస్తే 19.26 రావాలి, కానీ హెచ్‌ఓ పట్టాల వెడల్పు 16.5 మాత్రమే. అందుకే మన బ్రాడ్‌గేజి నమూనాలను ఎదురుగా చూస్తే, పెద్ద మనిషి చిన్న చెప్పుల్లో కాళ్లు ఇరికించినట్టు ఉంటుంది.

కీ సంగతి చెప్పడం మరిచాను. గ్రీజు గడ్డకట్టి ఉంటుంది కనుక, ఇరుసుల దగ్గర కుట్టుమిషను నూనె ఒక్కో చుక్క వేసి, ఒక రోజు ఆగి, రెండు మూడు చుట్లకు మించకుండా తిప్పండి. బిగుసుకుంటే వదిలేయండి. తెగిన స్ప్రింగు చేతిని కోస్తుంది.

కోటవీధి, విజయనగరం

ఇద్దరికీ కృతజ్ఞతలు. కొలిస్తే సరిగ్గా 32 వచ్చింది, మూడో కమ్మీ లేదు, ఇంజను పక్కల నాలుగు చిన్న నట్లు కనిపిస్తున్నాయి. పెయింటు డబ్బా అప్పటికే కొనేసిన మేనల్లుడు దానితో గేటుకు రంగు వేస్తున్నాడు. నూనె వేసి ఈ ఉదయం రెండు చుట్లు తిప్పితే, ఇంజను గరగరమంటూ కదిలి, ఉన్న పట్టాల చివరిదాకా వెళ్లి గచ్చు మీదకు దిగిపోయింది. తక్కిన పట్టాల కోసం రెండో అటక కూడా వెతుకుతున్నాము.